మనవాళ్ళెవరూ లేని హోటల్

జనవరి 9

చెల్లీ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటి, అక్కకి చాదస్తం ముదిరిందా అని నవ్వుకో, ఫరవాలేదు. నీకు ఫోన్ చేస్తే నాలుగు మాటలయ్యేలోపు మరిదిగారు లాక్కుని "ఏం వదినా, ఇంకా బతికే ఉన్నారా" అంటూ జోకులు మొదలెడతారు. అవి అయ్యేసరికి నేనడగాల్సింది మర్చిపోతాను. కాగితమైతే ఎవరూ మధ్యలో దూరరు.

మంచి కబురు ముందు చెబుతాను. పాత చిత్రాలు బాగుచేసే పని నేర్పే శిక్షణకి మన పిట్టని ఆఖరి పరీక్షకు పిలిచారు. శిక్షణ వేరే ఊళ్ళో, పరీక్ష మాత్రం మీ ఊళ్ళో, పెద్ద మ్యూజియంలో. మార్చి రెండోవారంలో మూడు రోజులు. నా ఫ్రేముల షాపులో పాత ఫొటోల బూజు దులుపుతూ, చెదలు తిన్న చెక్కలు గీకుతూ నేర్చుకున్నది ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు? ఉత్తరం చదివి, కన్నదాన్ని కదా, నేను ఏడ్చాను. అది ఏడవలేదు, నవ్వలేదు.

ఇప్పుడు నీతో పని. మేమిద్దరం మూడు రాత్రులు ఉండటానికి మంచి హోటల్ చూడు. మంచిదంటే నిజంగా పెద్దది, లాడ్జీలాంటివి వద్దు. గది కార్డు ఉంటే తప్ప లిఫ్టు పైకి పోకూడదు. ఎవరొచ్చి అడిగినా కౌంటర్లో మా గది నంబరు చెప్పకూడదు. తలుపుకి లోపల్నుంచి గొలుసు ఉండాలి. మ్యూజియానికి నడిచి వెళ్ళగలిగితే మరీ మంచిది. ఖర్చు సంగతి నాకొదిలెయ్. మరిదిగారికి మాత్రం చెప్పకు, ఆయన్ని శ్రమపెట్టడం నాకిష్టం లేదు.

మీ బావ లారీ మీద తిరిగి తిరిగి నడుం పట్టేసి ఇంట్లో పడున్నారు. షాపులో పని ఎక్కువగానే ఉంది. నిన్న ఒకాయన పెళ్ళి ఫొటో తెచ్చి, అందులో మామగారు కనబడకుండా ఫ్రేము చిన్నది చెయ్యమన్నాడు. చేసిచ్చాను.

షాపు చిరునామాకే రాయి.

అక్క


జనవరి 17

మహారాణీగారికి చెల్లెలి వంగి వంగి దండాలు!

అక్కా, నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వాను, కాసేపు ఏడుపొచ్చింది. పిట్ట గెలిచేస్తుంది, చూస్తుండు. దాని వేళ్ళు చిన్నప్పట్నించీ అంతే, దారప్పోగుని కూడా చిక్కు లేకుండా విప్పేది. కానీ తల్లీ, సొంత చెల్లెలి ఇల్లు ఊళ్ళో పెట్టుకుని హోటల్లో దిగుతానంటావా? నలుగురూ వింటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా గొలుసులూ, కార్డులూ, నంబరు చెప్పకూడదనడాలూ! నువ్వేమైనా మంత్రిగారి పెళ్ళానివా?

సరే, పెద్దదానివి, అడిగావు కాబట్టి క్లినిక్‌లో సగం పూట సెలవు పెట్టి మూడు హోటళ్ళు తిరిగాను. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుని రోజంతా నోళ్ళే చూసే నాకు ఇదొక పండగ. మొదటిది పాత హోటల్. తలుపు తియ్యడానికే ఒక మనిషి, ఆయన మీసాలకి జీతం వేరే ఇస్తారేమో. నేల ఎంత నున్నగా ఉందంటే నా చెప్పులు చూసి నాకే సిగ్గేసింది. రెండోది అద్దాల హోటల్. బయట్నుంచి మెరుపులే గానీ లోపల చల్లదనానికి పళ్ళు కొట్టుకున్నాయి. మూడోది నది ఒడ్డు హోటల్. అబ్బ, దాని గురించి ఏం చెప్పను! పరుపు మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి వింటే ఎగిరి గంతేస్తావు. నది ఒడ్డు హోటల్లో లిఫ్టులన్నీ చూసేది మీ మరిదే! ఆ కాంట్రాక్టు ఆయన కంపెనీదే. ఆయన దగ్గరున్న కార్డు పెడితే ఏ అంతస్తయినా, ఏ తలుపైనా తెరుచుకుంటుంది. చెప్పొద్దన్నావు గానీ నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలీదా? ఆ సాయంత్రమే చెప్పేశాను. ఎంత సంబరపడ్డారో. "హోటలెందుకు, పిట్టకి పైగది ఉండగా" అన్నారు. ఆ గదిలో ఇప్పుడు మా చిట్టి పడుకుంటోంది. దాన్ని కిందికి తెచ్చేస్తాను. హోటలే కావాలంటే నది ఒడ్డుది ఖాయం చేద్దాం. ఎక్కడికెళ్ళినా మనవాళ్ళుంటే ఆ ధైర్యమే వేరు.

పిట్టని ఒకసారి ఫోన్ చెయ్యమను. పిన్నిని మర్చిపోయిందా? ఒకప్పుడు వసపిట్టలా వాగేది, అందుకే కదా ఆ పేరు పెట్టాం.

నీ నోరాగని చెల్లి


జనవరి 26

చెల్లీ,

చెప్పొద్దన్న ఒక్క మాట చెప్పకుండా ఉండలేకపోయావు. సరే, జరిగిందేదో జరిగింది.

మీ ఇల్లు వద్దు. నది ఒడ్డు హోటల్ వద్దు. మరిదిగారి కంపెనీ లిఫ్టులున్న హోటల్ ఏదైనా సరే వద్దు. మనవాళ్ళెవరూ లేని హోటల్ చూడు. ఆ పాత హోటల్లో లిఫ్టులు ఎవరివో కనుక్కుని రాయి. కౌంటర్లో అమ్మాయిని సూటిగా అడుగు, "అమ్మాయి బాబాయినంటూ ఒకాయన వచ్చి గది నంబరు అడిగితే చెబుతారా" అని. ఏమందో ఉన్నదున్నట్టు రాయి.

పిట్టకి పరీక్ష ముందు మనసు కుదురుగా ఉండాలి. అంతే. ఇందులో నువ్వు వెతుక్కోవడానికేమీ లేదు.

అద్దం కోస్తూ వేలు తెగింది, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

అక్క


ఫిబ్రవరి 4

అక్కకి,

రెండు మూడుసార్లు రాసి చింపేశాను. కడుపులో పెట్టుకుంటే కుళ్ళిపోతుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మనవాళ్ళెవరూ లేని హోటల్ చూడు" అంటావా? మేమంత కానివాళ్ళమయ్యామా? ఆ ముక్క చదివి క్లినిక్‌లో పేషెంట్ల ముందే కళ్ళు తుడుచుకున్నాను. పన్ను నొప్పేమో అనుకుని ఒకావిడ నాకు లవంగం ఇచ్చింది!

నాకు తెలుసులే. నా పెళ్ళప్పుడే బావ అన్నారట కదా, లిఫ్టులకి నూనె పూసేవాడికా పిల్లని ఇచ్చేది అని. ఇప్పుడు నీ కూతురు మ్యూజియం మనిషి కాబోతోంది. పెద్ద హోటల్లో దిగితే లిఫ్టు బాగుచేసే బాబాయి చేతికి గ్రీజు రాసుకుని ఎదురొస్తాడని మీకు నామోషీ. అవునా కాదా? ఆయన మాత్రం పల్లెత్తు మాట అనలేదు. "పిల్లకి నామీద ఎందుకో కోపం, వచ్చాక నేనే మాట్లాడి సర్దుతాలే" అన్నారు. స్టేషనుకి కూడా తనే వస్తానన్నారు. పెద్దదైపోయింది, గుర్తుపట్టలేనేమో, ఫొటో ఒకటి పంపమను అన్నారు. అలాంటి మనిషిని పట్టుకుని!

అయినా నువ్వు చెప్పిన పని చేశాను, నా ఖర్మ. పాత హోటల్లో లిఫ్టులు వేరే కంపెనీవి. కౌంటర్లో అమ్మాయిని నీ ప్రశ్న అడిగాను. "మేడమ్, కన్నతండ్రి వచ్చినా నంబరు చెప్పం, పైకి ఫోన్ చేసి వాళ్ళు సరేనంటేనే పంపుతాం" అంది. నాకేసి అదోలా చూసింది కూడా. ఆరో అంతస్తులో గది నా పేరనే బుక్ చేశాను. గొలుసుంది. లాగి చూశాను, గట్టిదే.

సంతోషమేనా?

చెల్లి


ఫిబ్రవరి 13

పిచ్చి చెల్లీ,

లిఫ్టు పని అంటే నాకు చులకనా? పొద్దస్తమానం మేకులు నోట్లో పెట్టుకుని ఫ్రేములు బిగించేదాన్ని, నాకెక్కడి నామోషీ తల్లీ? మీ బావ అలా అన్నమాట నిజమే, అన్నరోజే నా చేత చీవాట్లు తిన్నారు. ఆ సంగతి వదిలెయ్.

గది బుక్ చేసి ఎంత మేలు చేశావో నీకు తెలియదు. దాన్ని కదపకు. స్టేషనుకి ఎవరూ రావద్దు. ఫొటో పంపను. పిట్టతో ఎవరూ ఏమీ మాట్లాడి సర్దనక్కర్లేదు, ఆ మాట మరిదిగారికి చెప్పు. కాదు, చెప్పకు. నువ్వేమీ చెప్పకు.

చిట్టి ఎలా ఉంది? ఉత్తరాల్లో ఒక్క ముక్క తప్ప దాని ఊసే లేదు. పైగదిలో ఒక్కతే పడుకుంటోందా? తొమ్మిదేళ్ళ పిల్లకి విడిగా గదెందుకు, నీ పక్కన పడుకోబెట్టుకోరాదూ? తింటోందా, ఆడుకుంటోందా? బడికి సెలవులివ్వగానే ఇక్కడికి పంపించు. నేనే వచ్చి తీసుకెళతాను. ఇదొక్కటీ నా మాట విను.

పిట్ట ఈమధ్య మళ్ళీ షాపులో కూర్చుంటోంది. వచ్చినవాళ్ళతో రెండు మాటలు మాట్లాడుతోంది. నువ్వు రాసిన కౌంటరు అమ్మాయి జవాబు చదివి వినిపించాను. "అయితే వస్తానమ్మా" అంది. నాకు అదే చాలు.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా అక్కా అక్కా!

కోపం పోయింది. నువ్వు పిచ్చి చెల్లీ అంటే చాలు, నేను మంచులా కరిగిపోతానని నీకు తెలిసే అలా రాస్తావు, గడుసుదానివి. ఇప్పుడు నేనూ ఒక గడుసుపని చేశాను. చదివి మూర్ఛపోకు.

మొన్న ఆదివారం మీ మరిది టీ తాగుతూ, "మీ అక్కకి ఆత్మాభిమానం ఎక్కువ, మన దగ్గర ఏదీ ఊరికే తీసుకోదు. చెప్పకుండా చేసేద్దాం" అన్నారు. నది ఒడ్డు హోటల్ మేనేజరుతో మాట్లాడి తొమ్మిదో అంతస్తులో, కిటికీ నిండా నదే కనబడే గది ఇప్పించారు! మీరు కౌంటరు దగ్గర ఆగనక్కర్లేదు, గది కార్డు రెండోది ముందే ఆయన చేతికిస్తారట. పాత హోటల్ బుకింగ్ రద్దు చేసేశాను. మీసాలాయన బాధపడి ఉంటాడు. పిట్టకి మాత్రం చెప్పకు, తలుపు తీసి నదిని చూసినప్పుడు దాని మొహం ఎలా వెలుగుతుందో చూడాలి. ఆ పూట ఆయన కూడా అక్కడే ఉంటానన్నారు.

చిట్టిని అడిగావు. బాగానే ఉంది. కాస్త మాట తగ్గింది. బళ్ళో టీచరు కూడా పిలిచి అడిగింది, ఇంట్లో ఏమైనా గొడవలా అని. మా ఇంట్లో గొడవలా, నవ్వొచ్చింది. గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కుంటోంది. పైగదిలో పడుకోనని ఒకటే మారాం, నా కొంగు పట్టుకుని వదలదు. ఆయనేమో అలవాటు చెయ్యాల్సిందే, గారం చేస్తే చెడిపోతుంది అంటారు. పెద్దదవుతోంది కదా, ఈ వయసులో అంతేలే. మన పిట్ట కూడా ఇలాగే కదా, ఉన్నట్టుండి మాట మానేసింది.

త్వరగా వచ్చెయ్యండి. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నీ గడుసు చెల్లి


ఫిబ్రవరి 25

చెల్లీ,

ఇది నీ క్లినిక్ చిరునామాకి, నీ చేతికే ఇమ్మని చెప్పి కొరియర్లో పంపుతున్నాను. కూర్చుని చదువు. ఇంటికి తీసుకెళ్ళకు.

పరీక్షకి పిలుపు వచ్చిన రోజు, ఆ ఊరు నేను వెళ్ళనంది పిట్ట. చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకుంటావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పుడు చెప్పింది. గోడకేసి తిరిగి చెప్పింది.

చిట్టి నీ కడుపులో ఉన్నప్పుడు నిన్ను మంచం దిగొద్దన్నారు. నీకు తోడుగా ఉంటుందని పిట్టని సెలవులకి పంపాను. దానికి పదమూడేళ్ళు. పైగదిలో పడుకునేది. నువ్వు కింద మంచం మీద ఉండేదానివి. నీ మొగుడు పైకి వెళ్ళేవాడు. ఒకసారి కాదు. ఎవరికైనా చెబితే మీ పిన్ని గుండె ఆగి చస్తుంది, కడుపులో బిడ్డ చస్తుంది అని చెప్పాడు. నీకేమవుతుందోనని అది ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకుంది. తిరిగొచ్చాక మాట తగ్గిందంటే పెద్దదవుతోందిలే అనుకున్నాం మనమంతా. నువ్విప్పుడు చిట్టి గురించి అదే ముక్క రాశావు.

కార్డు, గొలుసు, నంబరు చెప్పకపోవడం, ఇవన్నీ నేనడిగినవి కావు. పిట్ట అడిగినవి. ఎవరూ తెరవలేని తలుపు ఒకటి చూపిస్తే వస్తానంది. నువ్వు ఆ తలుపు కార్డు తీసుకెళ్ళి అతని చేతిలోనే పెట్టావు. నీ తప్పు కాదు, నీకు తెలీదు. ఇప్పుడు తెలిసింది.

మీ బావకి చెప్పలేదు. చెబితే ఆ మనిషి లారీ ఇనపరాడ్డు తీసుకుని బయల్దేరతాడు, జైలుకి పోతాడు. పిట్ట నీకు రాయడానికి ఒప్పుకుంది, అదీ చిట్టి సంగతి చదివి వినిపించాకే. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. కానీ చిట్టిని ఈ రోజు నుంచే నీ పక్కన పడుకోబెట్టుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క


ఫిబ్రవరి 27

ఎంత మాట రాశావు. నువ్వసలు నా తోడబుట్టినదానివేనా?

నా కాపురంలో నిప్పులు పోస్తే నీకేమొస్తుంది? నేను మంచాన పడి ఉన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. నా జుట్టు దువ్విన చెయ్యి. పిట్టకి పరీక్ష భయంతో మతి చలించిందేమో, డాక్టరుకి చూపించు. పుస్తకాల్లో ఏవేవో చదివి ఉంటుంది. దాన్ని నమ్మి నువ్వు ఈ పాపిష్టి రాతలు రాస్తావా?

ఆయన్నే అడుగుతాను. నీ నోరు మూతపడే జవాబు తెచ్చి నీ మొహాన కొడతాను. ఆ తర్వాత నాకు అక్క లేదు. నీ హోటల్ నువ్వే చూసుకో, నా గుమ్మం తొక్కకు.

చిట్టి నా పక్కనే పడుకుంటోంది. నువ్వు చెప్పావని కాదు.


మార్చి 3

అక్కా,

ఈ కాగితం మీద పైన ఉన్న హోటల్ పేరు చూశావా? ఇక్కడే ఉన్నాను, చిట్టితో. నీకు రాసిన మూడింటిలో ఇది లేదు. ఆ మనిషికి తెలిసినవాటిలోనూ లేదు.

అడిగాను. రెండు రోజులు నోరు రాలేదు. నిన్న పొద్దున పనికి వెళుతూ బూట్లు తొడుక్కుంటుంటే, చిట్టి బడికి వెళ్ళాక అడిగాను. నీ ఉత్తరంలోవేవీ ఎత్తలేదు. నువ్వు తప్పని రుజువు చెయ్యాలని కదా, అందుకే జాగ్రత్తగా, ఒక్కటే అన్నాను. "పిట్ట మీ గురించి ఏదో చెప్పిందట" అని.

ఏం చెప్పిందని అడుగుతారని చూశాను అక్కా. ఎవరైనా అదే కదా అడిగేది? "ఏం చెప్పింది? నేనేం చేశాను?" అని నవ్వుతారు, లేదా కోప్పడతారు. తల కూడా ఎత్తలేదు. బూటు లేసు లాగుతూ, "ఇంకెవరికి చెప్పింది?" అన్నాడు.

అంతే. ఇంకేమీ అడగలేదు నేను. "ఎవరికీ లేదు" అన్నాను. వెళ్ళిపోయాడు. గ్యాసు మీద పాలు పొంగిపోతున్నా కట్టెయ్యాలని తోచలేదు. పన్నెండేళ్ళు కాపురం చేశాను అక్కా. కాసేపటికి లేచి చిట్టి బట్టలు సర్దాను. బడికి వెళ్ళి కడుపు నొప్పి అని అబద్ధం చెప్పి దాన్ని తీసుకొచ్చేశాను. టాక్సీ ఎక్కాం. తర్వాత నువ్వు రాసినవే గుర్తొచ్చాయి. ఒక్కో హోటల్ కౌంటర్లో దిగి అవే అడిగాను. లిఫ్టులు ఎవరివి, నంబరు చెబుతారా, గొలుసుందా. మొదటి రెండు చోట్లా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఇక్కడ కౌంటర్లో ఉన్నావిడ కాస్త పెద్దావిడ. నన్ను చూసి, చిట్టిని చూసి, ఏమీ అడక్కుండా మేనేజరుని పిలిచి మా పేర్లు కంప్యూటర్లో కనబడకుండా చేయించింది. ఇక్కడ మనవాళ్ళెవరూ లేరు. ఎవరూ లేరు.

నది ఒడ్డు హోటల్ గది వద్దని చెప్పేశాను. మీకు ఇక్కడే పక్క గది తీసుకున్నాను. పిట్ట రావాలి. దాని పరీక్ష అది రాయాలి. నా మొహం చూడటం దానికి ఇష్టం లేకపోతే నేను ఈ గది తలుపు వేసుకునే ఉంటాను, దాని కళ్ళబడను. దానికి మతి చలించిందని రాశాను కదా, ఆ ఉత్తరం దానికి చూపించలేదని చెప్పు. చూపించి ఉంటే, అప్పుడు నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

మార్చి రెండోవారం దాకా ఆగకు. అతను చేస్తాడని ఫోన్ ఆపేసి పెట్టాను, అందుకే ఇది కొరియర్లో పంపుతున్నాను, అందగానే బయల్దేరు. కేసు పెట్టాలంటే ఎక్కడికెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో నాకేమీ తెలీదు. బావకి నువ్వు చెప్పకు, మనిద్దరం కలిసి చెబుదాం.

చిట్టిని నేనింకా ఏమీ అడగలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నిన్నట్నుంచీ దాని చుట్టూ తిరుగుతున్నాను. కానీ అదే నన్నొకటి అడిగింది. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని బిస్కెట్ తింటూ, "అమ్మా, ఈ హోటల్ పేరు నాన్నకి చెప్పావా?" అంది. లేదమ్మా అన్నాను.

"చెప్పకు" అంది. మిగిలిన బిస్కెట్ తినడం మొదలుపెట్టింది.

త్వరగా రా అక్కా.

నీ చెల్లి